ఇల్లు అమ్మబడును: బెంగళూరులో ఒక ప్రకటన కథ



హిందూపురం, మడకశిర, మదనపల్లె, కుప్పం, కోలారు వైపు బెంగళూరుతో సంబంధం లేని ఊరు అరుదు. చదువుకో, కొలువుకో, వ్యాపారానికో వెళ్లిన మనవాళ్లు అక్కడ చిన్నదో పెద్దదో ఇల్లు కట్టుకున్నారు. ఆ ఇళ్లు కట్టిన తరం పెద్దదైంది. పిల్లలు తలో దిక్కున స్థిరపడ్డారు. ఇల్లు అమ్మేద్దామనుకోగానే ఒక ప్రశ్న ఎదురవుతుంది. నలుగురికీ తెలియజేయడం ఎలా? గేటుకు బోర్డు కట్టాలా, బ్రోకరుకు చెప్పాలా, పత్రికలో వేయించాలా, ఫోనులో ఫొటోలు పెట్టాలా? ఈ ప్రశ్నకు చరిత్రలో ఏ జవాబు దొరుకుతుందో ఈ వేళ ముచ్చటించుకుందాం.

కెంపేగౌడ 1537లో వేసిన పాత పేటలో వీధులకు వృత్తుల పేర్లు, సరుకుల పేర్లు ఉండేవి. అరళెపేట అంటే ప్రత్తి, అక్కిపేట అంటే బియ్యం, కుంబారపేట అంటే కుమ్మరులు, గాణిగరపేట అంటే నూనె గానుగలవారు. ఒకే వృత్తివారు గోడకు గోడ ఆనించుకుని బ్రతికే వీధిలో ఇల్లు అమ్మే సంగతి దాగేది కాదు. ఆ ఇంట్లో ఎవరికి వాటా ఉందో, అది ఎవరి దగ్గర తాకట్టులో ఉందో చెప్పడానికి ఇరుగుపొరుగే సాక్ష్యం.

అందరికీ చాటవలసి వస్తే దండోరా ఉండనే ఉంది. ఇది కేవలం పల్లె ఆచారం అనుకోకండి. అప్పు కింద ఇల్లు జప్తు చేసినా, వేలం వేసినా ఆ స్థలం దగ్గర డప్పు కొట్టించి గాని, అక్కడి వాడుక ప్రకారం గాని చాటాలని 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ చెబుతుంది. ఉత్తర్వు నకలును ఆ ఇంటి మీదా, కోర్టు భవనం మీదా అంటించాలి. డప్పు చప్పుడు కొనేవాడి చెవికే కాదు, "ఆగండి, ఇందులో నాకూ హక్కుంది" అనగలిగినవాడి చెవికీ చేరుతుంది. దండోరాలోని న్యాయం అదే.

తరువాత ఊరు మారింది. 1898లో ప్లేగు వచ్చి పేటను కుదిపేసింది. మల్లేశ్వరం, బసవనగుడి వంటి కొత్త వాడలు పెరిగాయి. స్వాతంత్ర్యం వచ్చాక జయనగరం వంటి పెద్ద లేఅవుట్లు వచ్చాయి. ఎక్కడెక్కడివారో పక్క పక్క సైట్లలో ఇళ్లు కట్టుకున్నారు. ముఖపరిచయం లేనివాడు ముఖపరిచయం లేనివాడికి ఇల్లు అమ్మే కాలం వచ్చింది. డెక్కన్ హెరాల్డ్, ప్రజావాణి 1948లో మొదలయ్యాయి. పత్రికలో చిన్న ప్రకటనకు మాటల లెక్కన డబ్బు. అందుచేత మాటలు కుదించుకుపోయాయి. ముప్పై ఇంటు నలభై, తూర్పు ముఖం, కార్నర్ సైటు, కావేరి నీరు.

ఆ కావేరి నీరు అన్న రెండు మాటలు చూడండి. కావేరి మొదటి దశ నీరు నగరానికి అందింది 1974లో. అంతకు ముందు హెసరఘట్ట, తిప్పగొండనహళ్లి జలాశయాలే ఆధారం. ఊరికి దేని కరువు ఉంటే ప్రకటన దాన్నే ముందుగా పిలుస్తుంది.

కాని ఆ నాలుగు మాటల్లో ఇమడనిది ఒకటుంది. అక్కచెల్లెళ్ల వాటా. తండ్రి స్వార్జితం చేసి వీలునామా రాయకుండా పోతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం కూతురికీ కొడుకుతో సమానంగా వస్తుంది. ఉమ్మడి ఆస్తిలోనూ కూతురికి హక్కు కల్పిస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లో, కర్ణాటక 1994లో చట్టం సవరించాయి. 2005లో అది దేశమంతటికీ వచ్చింది. రిజిస్టరైన లావాదేవీలే ఈసీలో కనిపిస్తాయి. పెనుకొండలో ఉన్న చెల్లెలి వాటా అందులో కనబడదు. ఫోనులో పెట్టిన ఫొటోలోనూ కనబడదు. జనరల్ పవర్ కాగితం మీద జరిగిన అమ్మకంతో హక్కు సంక్రమించదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టం చేసింది. అటువంటి కాగితాలతో కొన్నవారు ఎందరో చిక్కుల్లో పడ్డారు.

బిల్డర్లు పెద్ద ప్రాజెక్టును రిజిస్టరు చేయకుండా ప్రకటించకూడదని 2016 నాటి రేరా చట్టం అంటుంది. సొంత ఇల్లు అమ్ముకునేవారికి ఆ నిబంధన లేదు. అయినా 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం వారిని వదలలేదు. కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపం ఇంట్లో గాని, హక్కులో గాని ఉందని తెలిస్తే, అమ్మేవాడే చెప్పి తీరాలి.

ఇక ఏ దారి ఎంచుకోవాలి? ఏది ఎవరి చెవికి చేరుతుందో చూసి ఎంచుకోండి. గేటు మీద "మనె మారాటక్కిదె" అన్న బోర్డు వీధికి చెబుతుంది. బ్రోకరు తన దగ్గరికి వచ్చినవారికే చెబుతాడు. ఫోను దూరదేశం దాకా చెబుతుంది గాని, పక్కింటికి చెప్పకపోవచ్చు. కన్నడ పత్రికలో బహిరంగ ప్రకటన ఆ ఊరివారికి చేరుతుంది. వీటిలో రెండు మూడు కలిపినా తప్పులేదు. అన్నిటికంటే ముందు, ఇంట్లో అన్నదమ్ములనూ అక్కచెల్లెళ్లనూ కూర్చోబెట్టి వారి సమ్మతి కాగితం మీద పెట్టించండి. అమ్మకానికి మొదటి ప్రకటన ఇంటివారి మధ్యనే జరగాలి. అక్కడ దాచిన మాట ఏనాటికైనా కోర్టు మెట్ల మీద డప్పులా మోగుతుంది.