ది డెవిల్స్ బ్రిగేడ్
'ది డెవిల్స్ బ్రిగేడ్' 1968లో విడుదలైన అమెరికన్ యుద్ధ చిత్రం. దర్శకుడు ఆండ్రూ వి. మెక్‌లాగ్లెన్, నిర్మాత డేవిడ్ ఎల్. వోల్పర్. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో ఏర్పడిన అమెరికా–కెనడా ఉమ్మడి దళం 'ఫస్ట్ స్పెషల్ సర్వీస్ ఫోర్స్' చరిత్ర దీనికి ఆధారం. దళనాయకుడు రాబర్ట్ ఫ్రెడరిక్‌గా విలియం హోల్డెన్, కెనడా మేజర్‌గా క్లిఫ్ రాబర్ట్‌సన్ నటించారు.

కథ మొదటి భాగం మోంటానాలోని శిక్షణ శిబిరంలో నడుస్తుంది. క్రమశిక్షణ గల కెనడా సైనికులకూ, మాట వినని అమెరికన్లకూ మొదట పొసగదు. కఠిన శిక్షణతో ఫ్రెడరిక్ వారిని ఒక్కతాటిపైకి తెస్తాడు. తరువాత దళం ఇటలీలో నిటారు కొండచరియ ఎక్కి, మోంటే లా డిఫెన్సా శిఖరంపై జర్మన్ స్థావరాన్ని పట్టుకుంటుంది. ఈ దాడి నిజంగా 1943 డిసెంబరులో జరిగింది. మరుసటి ఏడాది డిసెంబరులో దళాన్ని రద్దు చేశారు.