కోటబొమ్మాళి బజారులో ఒక ‘జవాన్’ గడియారం: మరమ్మతు నుంచి వస్తుచరిత్ర దాకా

వ్యాససంగ్రహం:
వాడిన పాత చేతిగడియారాన్ని చవకగా కొని, బాగు చేయించి, ధరించడం వ్యక్తిగతమైన సరదాగా కనిపిస్తుంది. అయితే మరమ్మతు కోసం విప్పిన గడియారం తన చరిత్రను తానే చెప్పగలదు. కోటబొమ్మాళిలో కొన్న ఒక హెచ్.ఎం.టి. ‘జవాన్’ గడియారం ఆధారంగా ఆ చరిత్రలో నిరూపించగలిగినదేదో, నిరూపించలేనిదేదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: చేతిగడియారం, హెచ్.ఎం.టి., జవాన్, మరమ్మతు, వృత్తిపదాలు, కోటబొమ్మాళి, వస్తుచరిత్ర.

1. ఉపోద్ఘాతం:
శ్రీకాకుళం జిల్లాలో నరసన్నపేటకూ టెక్కలికీ నడుమ జాతీయ రహదారి మీద ఉన్న మండలకేంద్రం కోటబొమ్మాళి. ఈ చుట్టుపక్కల పల్లెల నుంచి సైన్యంలో చేరినవారు అనేకులు. సెలవుకు వచ్చిన సైనికుని ట్రంకుపెట్టె, కంబళి, చేతిగడియారం మా తరం బాల్యంలో కుతూహలం రేపిన వస్తువులు. ఈ బజారులో ఒక మరమ్మతు దుకాణంలో ఆగిపోయిన ‘జవాన్’ గడియారాన్ని 700 రూపాయలకు కొన్నాను. “మిలటరీ వాచీ” అన్న మాటతోనే అది నా చేతికి వచ్చింది. ఆ మాట ఎంతవరకు నిజం అన్న ప్రశ్నే ఈ పరిశీలనకు మూలం.

2. సైనిక గడియారం – పూర్వరంగం:
చేతిగడియారాన్ని యూరపులో చాలాకాలం స్త్రీల ఆభరణంగా భావించారు. పురుషులు జేబుగడియారాలు వాడేవారు. మొదటి ప్రపంచయుద్ధంలో (1914-18) కందకాల్లో ఉన్న సైనికునికి జేబులోంచి గడియారం తీసే వీలు తక్కువ. ఫిరంగి దాడి, పదాతిదళం కదలిక ఒకే నిమిషానికి కుదరాలి. ఈ అవసరమే గడియారాన్ని మణికట్టు మీదికి తెచ్చింది. రెండవ ప్రపంచయుద్ధం ముగిసేనాటికి బ్రిటిష్ సైన్యం 12 స్విస్ సంస్థల చేత ఒకే నమూనా ప్రమాణాలతో గడియారాలు చేయించుకుంది. నల్లని ముఖం, స్పష్టమైన తెల్లని అంకెలు, చీకట్లో మెరిసే పూత, దెబ్బకు తట్టుకొనే నిర్మాణం – ఇవి అప్పటి నుంచి సైనిక గడియారానికి గుర్తులయ్యాయి.

3. హెచ్.ఎం.టి. – జవాన్:
హిందూస్థాన్ మెషిన్ టూల్స్ సంస్థ 1953లో ఏర్పడింది. జపాను సిటిజన్ సంస్థ సాంకేతిక సహకారంతో 1961లో బెంగుళూరులో చేతిగడియారాల తయారీని ప్రారంభించింది. జనతా, పైలట్, సోనా, కోహినూర్, జవాన్ వంటి పేర్లతో అవి దేశమంతటా వ్యాపించాయి. పెళ్ళికొడుకుకు వాచీ, సైకిలు, రేడియో పెట్టడం గౌరవచిహ్నమైన రోజుల్లో తెలుగు ఇళ్ళలోకి వచ్చిన వాచీల్లో హెచ్.ఎం.టి.లు ఎన్నో. 1965లో లాల్ బహదూర్ శాస్త్రి ఇచ్చిన ‘జై జవాన్ జై కిసాన్’ నినాదంతో జవాన్ అనే మాట ప్రజల నాలుకపై నిలిచింది. ఆ పేరుగల గడియారం ఆ గౌరవాన్ని మోసింది. 1980ల నుంచి క్వార్ట్జ్ గడియారాలు విస్తరించడంతో తాళం ఇచ్చే గడియారాలకు ఆదరణ తగ్గింది. 2016 జనవరిలో హెచ్.ఎం.టి. వాచెస్ మూసివేతకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది.

అయితే పేరు జవాన్ అయినంత మాత్రాన ప్రతి గడియారమూ సైనికుని మణికట్టు ఎక్కిందని చెప్పలేం. సాధారణ పౌరులూ వీటిని కొన్నారు. అంతేకాక పాత యంత్రానికి కొత్తగా అచ్చువేసిన ముఖాన్ని అమర్చి సైనిక గడియారమని అమ్మడమూ ఉంది. కాబట్టి అమ్మకందారు మాట ఆధారం కాదు, వస్తువే ఆధారం.

4. మరమ్మతు – వస్తువును చదవడం:
తాళం ఇస్తే నా గడియారం గంటసేపు నడిచి ఆగిపోయేది. మరమ్మతుదారు దీన్ని “పడుకుంది” అన్నారు. వెనుక మూత తిప్పి, కంటికి అద్దం తగిలించుకొని, ముందు స్ప్రింగులోని బిగువును వదిలించి, తరువాత ఒక్కొక్క చక్రాన్ని తీశారు. తాళం ఇచ్చినప్పుడు చుట్టుకొనే మెయిన్ స్ప్రింగు శక్తినిస్తుంది. చక్రాల వరుస దాన్ని మోసుకుపోతుంది. సన్నని హెయిర్ స్ప్రింగుతో ఊగే బ్యాలెన్స్ చక్రం ఆ శక్తిని సమానమైన ముక్కలుగా కోస్తుంది. ఈ యంత్రంలో గంటకు 18,000, అంటే సెకనుకు 5 టిక్కులు. రాపిడి తగ్గించడానికి 17 కృత్రిమ కెంపులు ఉంటాయి. ఆ కెంపుల దగ్గర నూనె ఎండి జిగురైపోవడమే ఆగిపోవడానికి కారణం.

పెట్రోలుతో కడిగి, సూదిమొనతో నూనె పెట్టి, తిరిగి అమర్చాక మరో సమస్య తలెత్తింది. గడియారం విపరీతంగా ముందుకు పరుగెత్తింది. హెయిర్ స్ప్రింగు అయస్కాంతానికి లోనైతే దాని చుట్లు ఒకదానికొకటి అంటుకొని, స్ప్రింగు పొట్టిదైనట్లు ప్రవర్తిస్తుంది. అందువల్ల ఊగిసలాట వేగం పెరుగుతుంది. అయస్కాంతశక్తిని తొలగించే పరికరం మీద ఉంచి తీయగానే నడక కుదురుకుంది.

చరిత్ర దృష్టితో విలువైనది మూత లోపలి వైపు. గడియారం బాగు చేసినవారు అక్కడ సూదితో గుర్తు గీయడం వృత్తిలో ఉన్న అలవాటు. నా గడియారంలో నాలుగు గుర్తులున్నాయి. మూడు ఇంగ్లీషు అంకెలు. నాలుగవది ‘సూ’ అన్న తెలుగు అక్షరం. ఆ గీత ఎవరిదో మరమ్మతుదారుకు తెలియదు. కాని దీనివల్ల ఒక విషయం చెప్పగలం: ఈ గడియారం కనీసం ఒకసారి తెలుగు రాయగలిగిన పనివాని చేతికి వెళ్ళింది. దీన్ని ధరించినవారు సైనికులా కాదా అన్నది మాత్రం ఇందులో దేనివల్లా తేలదు.

5. ముఖం మార్చాలా?
నల్లని ముఖం మీద పూత వెలిసిపోయింది. అంకెల పక్కన మరకలున్నాయి. కొత్త ముఖం వేయించాలని నాకు అనిపించింది. మరమ్మతుదారు ఒప్పుకోలేదు. “డయల్ ఒగ్గీండి మేష్టారూ. కొత్తది ఏస్తే మెరుస్తాది గానీ, అప్పుడది ఈ వాచీ కాదు” అన్నారు. తాళపత్రంలో అక్షరలోపాన్ని ఊహతో పూరించి మూలమని చెప్పరాదని పాఠపరిష్కరణ పాఠాల్లో నేను విద్యార్థులకు చెబుతుంటాను. అదే నియమాన్ని ఆయన తన పనిలో పాటిస్తున్నారు. నడవడానికి అవసరమైనది మార్చాలి. చూపుకోసం సాక్ష్యాన్ని చెరపకూడదు. దీనికి తోడు ఒక జాగ్రత్త కూడా ఉంది. ప్రపంచంలో అనేక పాత గడియారాల పూతలో రేడియం వాడారు కనుక, ఏ పూతో తెలియని పాత ముఖాన్ని గీకడం మంచిది కాదు.

6. ధారణ – కాలానుభవం:
గడియారం అన్న మాటలోనే గడియ ఉంది. రోజుకు 60 గడియలు. గడియకు 24 నిమిషాలు. నీటిపై తేలే చిల్లుగిన్నె మునగడాన్ని బట్టి గడియను లెక్కించేవారు. 1906 నుంచి అమలైన భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశంపై ఆధారపడింది. ఆ రేఖ కాకినాడ సమీపం నుంచి పోతుంది. కోటబొమ్మాళి అంతకంటే తూర్పున ఉన్నందున ఇక్కడి సూర్యుని కాలం గడియారం కంటే సగటున సుమారు ఆరున్నర నిమిషాలు ముందుంటుంది. రైలుకు గడియారం, నాట్లకు సూర్యుడు – రెండు కాలాల మధ్య పల్లె బతికింది.

ఇప్పుడు నా గడియారం రోజుకు ఒక నిమిషం ముందుకు పోతుంది. ఉదయం తరగతికి వెళ్ళేముందు తాళం ఇచ్చి ఆ నిమిషాన్ని సరిచేస్తాను. చేతిలోని ఫోను ఇంతకంటే కచ్చితమైన కాలం చూపుతుంది. అయినా ఒకరోజు తాళం మరిచిపోతే ఆగిపోయే వస్తువుతో ఉండే బాధ్యత, దానివల్ల కలిగే తృప్తి ఫోనుతో లభించవు.

7. ముగింపు:
‘మిలటరీ వాచీ’ అన్న మాటను నేను నిరూపించలేకపోయాను. దానికి బదులుగా నలుగురు పనివారి గుర్తులు దొరికాయి. ఈ వస్తువు విషయంలో నమ్మదగిన చరిత్ర ధరించినవారిది కాదు, బాగుచేసినవారిది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశాలలో వ్యవసాయ పదాలు 1962లో, చేనేత పదాలు 1971లో వెలువడ్డాయి. గడియార మరమ్మతు వంటి ఆధునిక వృత్తుల పదజాలాన్నీ అదే శ్రద్ధతో సేకరించవలసి ఉంది. మా మరమ్మతుదారు దగ్గర పని నేర్చుకొనేవారు ఇప్పుడెవరూ లేరు. మూత బిగించేముందు నా కోరికపై ఆయన అయిదవ గుర్తు గీశారు. అది తెలుగు అక్షరమే.