మీటరు పుట్టుక, దాని యెన్నిక



ధాన్యమునకు కుంచము, బంగారమునకు త్రాసు, పొలమునకు గొలుసు. ఒకటి చేయు పనిని వేరొకటి చేయజాలదు. విద్యుత్తు విషయమునను చిరకాల మిట్లే యుండెను. ప్రవాహమునకు ఆంపియరు, దానిని త్రోయు నొత్తిడికి వోల్టు, దానికి గలుగు నడ్డంకికి ఓము కొలతలు. కొలుచుటకు మూడు పరికరములు.

మూలమున నన్నియు నొక్కటియే. 1820లో కోపెన్‌హాగెను నగరమున అయిర్‌స్టెడ్ అను విద్వాంసుడు, విద్యుత్తు పారు తీగచెంత దిక్సూచి ముల్లు కదలుట గమనించెను. ఆ యేడే జర్మనీలో ష్వైగర్ తీగను పలుమారులు చుట్టి యా కదలికను హెచ్చించెను. 1882లో ఫ్రాన్సున డార్సన్‌వాల్ అయస్కాంతమును నిలిపి తీగచుట్టయే తిరుగు నేర్పాటు చేసెను. నేటికిని ముల్లుగల మీటరులలో నున్న దదియే.

ఇంగ్లండున టెలిఫోనులను తపాలాశాఖ నడపుచుండిన దినములలో, ఆ శాఖ ఇంజనీరగు డొనాల్డు మకాడీ, మరమ్మతులకై పెక్కు పరికరములను మోయుటకు విసిగి, మూడు కొలతలను ఒకే పెట్టెలో నిమిడ్చెను. 1923లో నది విక్రయమునకు వచ్చెను. ఆంపియరు, వోల్టు, ఓములకు ఇంగ్లీషున గల మొదటి యక్షరములను గూర్చి దానికి ‘ఆవో’ యని పేరిడిరి. పాణిని ప్రత్యాహారములు చదివినవారికి ఇట్టి సంక్షేపము వింతగాదు. అచ్చట మొదలును తుదయు గ్రహింతురు, ఇచ్చట మొదళ్లే.

ఇక తర్కమున కొక చిక్కు. ప్రమాణము ప్రమేయమును మార్చరాదు గదా! ఈ ముల్లు కదలుటకు మాత్రము కొలువబడు ప్రవాహమునుండియే కొంత పాలు గావలెను. లక్ష ఓముల యడ్డంకులు రెండు వరుసగా గూర్చి 200 వోల్టు లిచ్చితి మనుకొనుడు. ఒక్కొక్కదానిపై 100 వోల్టు లుండును. వోల్టుకు 1000 ఓముల మీటరును 100 వోల్టుల మెట్టున నుంచి ఒకదానికి తగిల్చినచో, మీటరే మరియొక లక్ష ఓముల ప్రక్కత్రోవయై, ముల్లు 67కడ నిలుచును. మీటరు చెడలేదు, అడ్డంకియు చెడలేదు. చూపిన సంఖ్య మాత్రము తీసివేసిన పిదప నుండునది కాదు. వోల్టుకు 20,000 ఓములుగా 1951లో వెలువడిన ‘ఆవో’ ఎనిమిదవ రకము అదేచోట 97కు పైగా జూపును. అంకెలు చూపు నేటి మీటరులకు సాధారణముగా కోటి ఓము లుండును గనుక 99.5 వచ్చును.

పాటలు వినిపించు ఆంప్లిఫయరును స్వయముగా కట్టుకొనుచున్న నా మనుమడు, ‘తాతగారూ, ఏ మీటరు కొనమందురు?’ అని యడిగినప్పుడు ఈ లెక్కయే వేసి చూపితిని. వాల్వు ఆంప్లిఫయరులలో లక్ష ఓముల యడ్డంకులు సామాన్యము. తప్పు కొలతను నమ్మి మంచి వాల్వును పారవేయుట వృథావ్యయము. వానికి కోటి ఓముల మీటరే తగినది. అయినను అందొక లోపము గలదు. చౌక మీటరులు పెక్కు ఇంటి విద్యుత్తునకు, అనగా సెకనుకు 50 ఆవృత్తులకును, ఆపై కొన్ని వందలకును మాత్రమే నిజము చెప్పును. మన చెవి వినునవి 20 మొదలు 20,000 వరకు. ఎంతవరకు నమ్మదగునో మీటరుతో వచ్చు కాగితమున నుండును. ధర యడుగుటకు ముందు దానిని చదువవలెను.

వాల్వు ఆంప్లిఫయరున 300 వోల్టు లుండుట కద్దు. స్విచ్చి కట్టిన పిదపను కండెన్సరులలో నది నిలిచి ప్రాణము దీయగలదు. మీటరును ప్రవాహపు మెట్టుననే యుంచి వోల్టులు కొలువబోయినచో అడ్డంకిలేని త్రోవ యేర్పడి పెట్టె కాలును, చేతికిని ముప్పే.

‘ఆవో’ ఎనిమిదవ రకపు తయారీ 2008లో నిలిచినది. పాతది దొరకినచో ముల్లుసొంపునకు నేనును మురియుదును. హెచ్చు ఓములను కొలుచుటకు దానిలో 15 వోల్టుల బేటరీ గావలెను. అది అన్ని యంగళ్లలో దొరకదు. బేరమునకు మునుపు మూత విప్పించి, బేటరీ నీరుగారి లోపలి రేకులను తినివేసినదేమో చూచుకొనుడు.