జోజిలా మీద మార్చి నడక

రుఆబాంధాలో మార్చి ఎండ ముదిరితే నాకు జోజిలా మంచే గుర్తొస్తుంది. సియాచిన్ అనగానే మనవాళ్ళు 1984 ఏప్రిల్ 13న హెలికాప్టర్లలో బిలాఫోండ్ లా మీద దిగిన కుమావూన్ జవాన్లనే తలుచుకుంటారు. సబబే. కానీ ఆ మార్చిలోనే కుమావూన్ బెటాలియన్, లద్దాఖ్ స్కౌట్స్ దళాలు నిండు సామాను వీపున వేసుకొని, మంచు మూసేసిన జోజిలాను కాలినడకన దాటాయి. పెద్దఎత్తున కదిలితే పాకిస్తాన్ రాడార్లు పసిగడతాయని ఆ పాట్లు.

వసంతకాలపు మంచు మహా చెడ్డది. తెల్లవారుజామున రాయిలా ఉంటుంది, ఎండెక్కితే మోకాలిదాకా దిగబడుతుంది. మంచుచరియలు జారేదీ అప్పుడే. చీకటితోనే బయల్దేరాలి. తర్వాతి ఏళ్ళలో ఆ దారిన నడిచినప్పుడు నాకిది తెలిసొచ్చింది. స్నో షూస్ కట్టుకున్నా అడుగు పీకడానికే నడుం విరిగేది. వాళ్ళు దాన్ని దాటాకే అసలు సియాచిన్ మొదలైంది!