యజమాని కల్పించే శిశు సంరక్షణపై పన్ను (అమెరికా)

ఉద్యోగి పిల్లల సంరక్షణకు సంస్థ పెట్టే ఖర్చును, ఒక పరిమితి వరకు, ఉద్యోగి ఆదాయంలో కలపకుండా వదిలేసే విధానమిది. అమెరికా ఇంటర్నల్ రెవెన్యూ కోడ్ 129వ సెక్షన్ దీనికి ఆధారం. సంస్థ తానే డేకేర్ నడిపినా, బయటి డేకేర్‌కు ఫీజు కట్టినా, జీతంలో కొంత పన్నుకు ముందే పక్కన పెట్టించినా ఇది వర్తిస్తుంది.

నేపథ్యం

తొలుత చట్టం పిల్లల సంరక్షణను ఇంటి ఖర్చుగానే చూసింది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేస్తున్నందున ఆయా జీతాన్ని ఆదాయంలోంచి మినహాయించాలని స్మిత్ దంపతులు కోరగా, అది సొంత ఖర్చేనంటూ 1939లో బోర్డ్ ఆఫ్ టాక్స్ అపీల్స్ తోసిపుచ్చింది. 1954 కోడ్ ఏడాదికి 600 డాలర్ల వరకు మినహాయింపు ఇచ్చింది. 1976లో దాని స్థానంలో, కట్టాల్సిన పన్నులోంచే తగ్గించే క్రెడిట్ వచ్చింది.

129వ సెక్షన్

రీగన్ హయాంలో, 1981 పన్ను చట్టంతో ఈ సెక్షన్ పుట్టింది. సంస్థకు రాతపూర్వక పథకం ఉండాలి. అది పెద్ద జీతగాళ్లకే మేలు చేసేలా ఉండకూడదు. పిల్లల వయసు సాధారణంగా 13 ఏళ్ల లోపుండాలి. మినహాయింపు పొందిన సొమ్ముపై మళ్లీ క్రెడిట్ అడగకూడదు.

దంపతుల్లో తక్కువ సంపాదించేవారి ఆదాయాన్ని మించి మినహాయింపు దక్కదు. అందుకే హెచ్-4 వీసాపై ఉండి, పని అనుమతి లేక సంపాదన లేని జీవిత భాగస్వామి ఉన్న తెలుగు కుటుంబాలకు ఈ ప్రయోజనం సాధారణంగా అందదు. ఆ భాగస్వామి పూర్తికాల విద్యార్థి అయితే మాత్రం చట్టం కొంత ఆదాయం ఉన్నట్టు లెక్కిస్తుంది.

పరిమితులు

1986 సంస్కరణ చట్టం ఏడాదికి 5,000 డాలర్ల పరిమితి పెట్టింది. డేకేర్ ఫీజులు ఎంత పెరిగినా ఈ అంకె దశాబ్దాల పాటు కదల్లేదు. కోవిడ్ కాలంలో, 2021 ఒక్క ఏడాదికి 10,500 డాలర్లు చేసి, తర్వాత పాత స్థాయికే తెచ్చారు. 2025 జులైలో ట్రంప్ సంతకం చేసిన చట్టం 2026 నుంచి దాన్ని 7,500 డాలర్లకు పెంచింది.

సంస్థలకు క్రెడిట్

2001 చట్టం సంస్థలకూ 45ఎఫ్ సెక్షన్ కింద క్రెడిట్ ఇచ్చింది: అర్హమైన సంరక్షణ ఖర్చులో 25 శాతం, ఏడాదికి గరిష్ఠంగా 1,50,000 డాలర్లు. 2026 నుంచి ఇది 40 శాతం, 5,00,000 డాలర్లు. చిన్న సంస్థలకు 50 శాతం, 6,00,000 డాలర్లు. ఈ గరిష్ఠ మొత్తాలు ఇకపై ద్రవ్యోల్బణాన్ని బట్టి పెరుగుతాయి. ఉద్యోగికిచ్చే 7,500 డాలర్ల పరిమితికి ఆ ఏర్పాటు లేదు.