పైసలిచ్చి కాలాపానీకి

రెండేళ్ళుగా వాయిదా పడుతున్న ట్రిప్పు ఇది. రిలీజ్ అయిపోయింది, మేనేజర్ మంచి మూడ్‌లో ఉన్నాడు, వారం సెలవు దొరికింది. అండమాన్ అని ఇద్దరం ఒప్పేసుకున్నాం. ఇంట్లో చెప్పగానే మా నానమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "పైసలిచ్చి కాలాపానీకి పోతరార్రా ఎవరన్న?"

నవ్వేసి ఊరుకున్నాం గానీ, అసలు గొడవ తర్వాత మొదలైంది. ఎక్కడ దిగాలి? పోర్ట్ బ్లెయిర్‌లోనా, హేవ్‌లాక్‌లోనా, నీల్ దీవిలోనా? మా ఆవిడ ఓటు హేవ్‌లాక్‌కి. రాధానగర్ బీచ్, తెల్ల ఇసుక, ఊయల, ఫోటోలు. పోర్ట్ బ్లెయిర్‌లో ఏముంది, ఆబిడ్స్‌లో రూమ్ తీసుకున్నట్టే కదా అని ఆవిడ వాదన. నాకేమో ఏదైనా కొనేముందు, ఎక్కడికైనా వెళ్ళేముందు దాని చరిత్ర తవ్వే జబ్బు ఒకటి ఉంది. తవ్వితే తేలిందేంటంటే, ఆ దీవుల్లో ఎక్కడ దిగాలి అని తలపట్టుకున్న వాళ్ళలో మేం మొదటివాళ్ళం కాదు. మాకంటే రెండొందల ఏళ్ళ ముందే ఇంగ్లీషువాళ్ళు ఇదే ప్రశ్నకి తప్పులో కాలేశారు.

1789లో ఈస్టిండియా కంపెనీ తరఫున ఆర్చిబాల్డ్ బ్లెయిర్ అనే నౌకాదళం ఆఫీసరు సర్వే చేసి దక్షిణాన ఒక మంచి హార్బర్ చూశాడు. అందులో ఛాతం అనే చిన్న దీవిలో గుడిసెలు వేయించాడు. అంతా బాగానే నడుస్తోంది. నడుస్తున్న సిస్టమ్‌ని ముట్టుకోకూడదన్న ఇంగితం ఆ రోజుల్లోనూ లేదనుకుంటా, 1792లో మొత్తం మకాం ఎత్తేసి ఉత్తర అండమాన్‌కి మార్చారు. యుద్ధనౌకలకి అది అనువుగా ఉంటుందని గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ గారి తమ్ముడు, ఆయన నౌకాదళం కమొడోర్, సలహా ఇచ్చాడు. పెద్దాయన తమ్ముడి సలహా, కాదనేదెవరు? అక్కడ జ్వరాలు, చావులు. 1796కల్లా దుకాణం కట్టేశారు. మళ్ళీ అరవై ఏళ్ళు ఎవరూ అటు చూడలేదు.

తర్వాత 1857 వచ్చింది. తిరగబడిన వాళ్ళని ఎక్కడ పెట్టాలో తెలియక ఆ ఏడాది చివర్లో మువాట్ అనే డాక్టరు అధ్యక్షతన ఒక కమిటీని పంపారు. వాళ్ళు తిరిగి తిరిగి బ్లెయిర్ చూసిన పాత చోటే మంచిదని తేల్చి, ఆయన పేరే పెట్టారు. 1858 మార్చి 10న జె.పి.వాకర్ అనే జైలు సూపరింటెండెంటు 200 మంది ఖైదీలతో ఓడ దిగాడు. మొదట ఛాతంలోనే. చెట్లు కొట్టించాక తెలిసింది, తాగడానికి సరిపడా నీళ్ళు లేవని! అప్పుడు హార్బర్ మొగలో ఉన్న రాస్ దీవికి మారారు. మనం రివ్యూలు చదవకుండా హోటల్ బుక్ చేసి, దిగాక "వాటర్ ప్రాబ్లమ్ సార్" అనిపించుకుంటాం చూడండి, అలాగన్నమాట. కాకపోతే ఇక్కడ మూల్యం చెల్లించింది బుక్ చేసినవాళ్ళు కాదు. కాళ్ళకి ఇనుప కడియాలతో అడవి నరికినవాళ్ళు. మొదటి మూడు నెలల్లోనే పదుల మంది జబ్బుతో పోయారు. అడవిలోకి పారిపోయినవాళ్ళలో చాలామంది తిరిగి రాలేదు. పట్టుబడిన వాళ్ళలో ఎనభైమందికి పైగా వాకర్ ఉరి తీయించాడు.

ఇక్కడ మన ఊరి సంగతి చెప్పాలి. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ కలిసి కోఠిలోని రెసిడెన్సీ మీద దాడి చేశారు. అదే తర్వాత విమెన్స్ కాలేజీ అయిన భవనం. దాడి విఫలమైంది. తుర్రేబాజ్ ఖాన్‌కి అండమాన్ శిక్ష వేశారు గానీ ఆయన వెళ్ళలేదు, 1859 జనవరిలో తప్పించుకున్నాడు. కొన్ని రోజులకే తూప్రాన్ దగ్గర చంపేశారు. మన దగ్గర ఎవడైనా ఎక్కువ చేస్తే "పెద్ద తుర్రంఖాన్ అనుకుంటున్నవా" అంటాం కదా, ఆ మాట ఈయన వల్లే వచ్చిందంటారు. కోఠి బస్టాండు దగ్గర ఆయన స్మారకం ఉంది. దాని పక్కన నిలబడి నేనెన్ని సిటీ బస్సులు వదిలేశానో లెక్కలేదు. ఒక్కసారీ పేరు చదివిన పాపాన పోలేదు.

మౌల్వీ అల్లావుద్దీన్ మాత్రం వెళ్ళాడు. 1859లో పంపారు, 1880ల్లో అక్కడే పోయాడు. రెండు దశాబ్దాలకి పైగా అక్కడే. ఆయన్ని సెల్యులార్ జైల్లో పెట్టారని చాలాచోట్ల రాసేస్తుంటారు, తెలుగులో మరీ ఎక్కువ. నేనూ అలాగే నమ్మేవాణ్ణి. తారీఖులు పక్కపక్కన పెట్టి చూడండి. సెల్యులార్ జైలు కట్టడం మొదలైంది 1896లో, పూర్తయింది 1906లో. ఆయన చనిపోయే నాటికి అక్కడ ఒక్క ఇటుక కూడా లేదు! ఆయన కాలం ఖైదీలు ఉన్నది బ్యారక్‌ల్లో. గొలుసు శిక్ష పడ్డవాళ్ళకీ, ఉరికంబానికీ వైపర్ దీవి. అంటే మనం దణ్ణం పెట్టడానికి వెళ్ళే చోటు ఒకటి, మనవాడు బతికిన చోట్లు ఇంకొకటి. ఇదేం పెద్ద విషయమా అంటారేమో. ఆయన గురించి మనకి మిగిలిందే నాలుగు ముక్కలు, అందులో ఒకటి తప్పైతే ఎలా చెప్పండి?

(సెల్యులార్ జైలుకీ తెలుగువాళ్ళున్నారు, కాకినాడ బాంబు కేసులో శిక్షపడ్డ ప్రతివాది భయంకరాచారి లాంటివాళ్ళు. రంప పోరాటంలో అల్లూరి వెంట నడిచిన గాం మల్లుదొరనీ అండమాన్ పంపారు. ఆయన తిరిగొచ్చి 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి వెళ్ళారు. ఆ కథ ఇంకోసారి.)

ఇదంతా మా ఆవిడకి చెప్పాను. "అయితే హేవ్‌లాక్ వద్దంటావా?" అంది సూటిగా. వద్దని కాదు గానీ, ఆ పేర్లు చూడమన్నాను. హేవ్‌లాక్, నీల్, ఔట్రామ్, లారెన్స్, నికల్సన్... ఆ చుట్టుపక్కల చాలా దీవులకి 1857ని అణిచినవాళ్ళ పేర్లే. ఖైదీలని ఇక్కడ పడేసి, వాళ్ళని ఓడించిన సేనానుల పేర్లు చుట్టూ పెట్టుకున్నారు. అందులో నీల్ మరీ ఘోరం, అలహాబాద్, కాన్పూర్ దారిలో అతను చేసిన హత్యాకాండ అంతా ఇంతా కాదు. మద్రాసు మౌంట్ రోడ్డులో అతని విగ్రహం తీసెయ్యమని 1927లో సత్యాగ్రహం చేశారు. పదేళ్ళకి అది మ్యూజియానికి చేరింది. దీవి పేరు మాత్రం 2018 డిసెంబరు దాకా అలాగే ఉంది. ఇప్పుడు హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్, పోర్ట్ బ్లెయిర్ 2024 నుంచి శ్రీ విజయపురం. జనం నోట్లో మాత్రం పాత పేర్లే నడుస్తున్నాయి. లష్కర్‌లో పుట్టి ఎంజీ రోడ్డుని ఇప్పటికీ జేమ్స్ స్ట్రీట్ అనే నేను వాళ్ళని ఏమనగలను?

నాకు వాటికంటే నచ్చినవి అక్కడి ఊళ్ళ పేర్లు. 1950ల నుంచి తూర్పు బెంగాల్ శరణార్థుల్ని తెచ్చి ఈ దీవుల్లో దింపారు. ఎక్కడ దిగాలో ఎంచుకునే అవకాశం వాళ్ళకీ లేదు. వచ్చినవాళ్ళు హేవ్‌లాక్‌లో గోవింద్‌నగర్, రాధానగర్, శ్యామ్‌నగర్ అని పెట్టుకున్నారు. నీల్‌లో సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్. సర్వేవాళ్ళ మ్యాపులో జనరళ్ళు, ఇళ్ళలో రామాయణ భాగవతాలు!

చివరికి రాజీకొచ్చాం. అబెర్డీన్ బజార్‌లో మూడు రాత్రులు, హేవ్‌లాక్‌లో రెండు. అబెర్డీన్ ఎందుకంటే అక్కణ్ణుంచి జైలుకి నడిచి పోవచ్చు, రాస్ దీవి పడవలూ దగ్గరే. 1859 మేలో అండమానీ ఆదివాసులు బాణాలతో ఇంగ్లీషువాళ్ళ మీదికొచ్చిందీ అబెర్డీన్ దగ్గరే. వాళ్ళతో ఏడాది కలిసి బతికిన దూధ్‌నాథ్ తివారీ అనే ఖైదీ ముందుగా వచ్చి చెప్పేయడంతో దెబ్బతిన్నారు. అతనికి క్షమాభిక్ష దొరికింది. ఇందులో ఎవరి పక్షం వహించాలో నాకిప్పటికీ తేలలేదు.

అక్కడ ఎయిర్‌పోర్టు బయట మా హిందీ విని ఆటో ఆయన "తెలుగోళ్ళా అండీ?" అన్నాడు. వాళ్ళ తాతలది సోంపేట వైపట, చేపల పని మీద వచ్చి ఉండిపోయారట. 2011 లెక్కల్లో ఈ దీవుల జనంలో ఇంచుమించు 13 శాతం మంది మాతృభాష తెలుగు. మా ఆవిడకి పోర్ట్ బ్లెయిర్ మీద కోపం అక్కడే సగం తగ్గింది.

రాస్‌లో చర్చి గోడల్నీ బేకరీ గోడల్నీ మర్రి ఊడలు చుట్టేశాయి. 1858 నుంచి ఎనభై ఏళ్ళకి పైగా అక్కణ్ణుంచే రాజ్యం నడిపారు. 1941లో భూకంపం, 1942లో జపాన్ వాళ్ళు రావడం, అంతే. అక్కడ రాత్రి ఉండనివ్వరు. ఎదురుగా కనిపించేది మౌంట్ హారియెట్, 2021 నుంచి మౌంట్ మణిపూర్. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ మేయో, శానిటోరియానికి పనికొస్తుందేమో చూద్దామని ఆ కొండెక్కాడు. సూర్యాస్తమయం చూసి చీకట్లో దిగొస్తుంటే షేర్ అలీ అనే ఖైదీ జెట్టీ దగ్గర పొడిచేశాడు. చోటు వెతుక్కోవడానికి వెళ్ళి ప్రాణం పోగొట్టుకున్న వాళ్ళలో ఇంత పెద్ద ఉద్యోగస్తుడు ఇంకొకడు లేడేమో.

ఇంటికొచ్చాక ఫోటోలు చూపిస్తుంటే నానమ్మ "నీళ్ళు నల్లగ లేవు కదరా" అంది అనుమానంగా. పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు వెనక ఉన్న కొబ్బరిచెట్ల బొమ్మ అక్కడిదేనని చెప్పాను. నమ్మలేదు. తన వక్కల సంచీ విప్పి, మడతలు పడ్డ నోటొకటి తీసి, కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. చూసి, మళ్ళీ మడిచి లోపల పెట్టేసుకుంది.