కంతిని బట్టి పెట్టిన పేరు

1907లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రజ్ఞులు ఎర్విన్ స్మిత్, టౌన్‌సెండ్ డైసీ మొక్క కంతుల్లోంచి ఒక బాక్టీరియాను వేరుచేసి, కంతులు పుట్టించేది గనుక ట్యూమెఫేసియెన్స్ అన్నారు. మట్టిలో దొరికి మొక్కకు కీడు చెయ్యనిదానికి అప్పటికే రేడియోబాక్టర్ అన్న పేరుంది. తర్వాత రెండూ అగ్రోబాక్టీరియం ప్రజాతిలోనే చేరినా, వేర్వేరు జాతులుగానే చలామణీ అయ్యాయి. ఆ పేర్లు చేసే పనిని చెప్పాయే గాని వంశాన్ని చెప్పలేదు. 1969లో ఆస్ట్రేలియాలో అలెన్ కెర్ రెండింటినీ ఒకే మొక్కకు ఎక్కించి చూస్తే, సాధువు కూడా కంతులు పుట్టించసాగింది. సీ58 అనే రోగకారి వెచ్చదనంలో పెంచితే ఆ శక్తి పోగొట్టుకుంది. వచ్చిపోయే ఆ గుణం క్రోమోజోమ్‌కు విడిగా ఉండే ఒక పెద్ద డీఎన్‌ఏ వలయంలో, అంటే ప్లాస్మిడ్‌లో ఉందని 1974లో బెల్జియంలోని ఘెంట్ పరిశోధకులు చూపించారు. 2001లో సీ58 జీనోమ్ పూర్తిగా చదివారు. దాదాపు 57 లక్షల అక్షరాల్లో ఆ ప్లాస్మిడ్ వాటా రెండు లక్షల పైచిలుకే. గుండ్రటి క్రోమోజోమ్ మాత్రం, అల్ఫాల్ఫా వేళ్లలో నత్రజని స్థిరీకరించే రైజోబియం క్రోమోజోమ్‌ను ఆశ్చర్యపరిచేంతగా పోలి ఉంది.

అలాగైతే క్రోమోజోమ్‌కు కీడులో పాలే లేదా అని అడగవచ్చు. ఉంది. సీహెచ్‌వీఏ, సీహెచ్‌వీబీ అనే క్రోమోజోమ్ జన్యువులు చెడితే కంతి లేవదు. కాని వాటి తోబుట్టువులే రైజోబియంలోనూ ఉన్నాయి. అక్కడ అవి చెడితే వేరు బొడిపెల్లోకి బాక్టీరియా చేరక ఆ బొడిపెలు ఖాళీగా మిగులుతాయి. మొక్కతో పొత్తు కలిపే నేర్పు ఒక్కటే. దాన్ని ఏ పనికి వాడాలో చాలావరకు ప్లాస్మిడ్‌దే నిర్ణయం. నర్సరీ నడిపేవారికి రోగాన్ని చెప్పే పేరే ఉపయోగమన్న వాదనను కొట్టిపారెయ్యలేం. కాని అదే నర్సరీల కథ దానికి ఎదురు సాక్ష్యం చెబుతుంది. కంతుల నివారణకు కెర్ వాడుకలోకి తెచ్చిన కే84 సాధువు తయారుచేసే అగ్రోసిన్ విషం, కొన్ని రోగకారులు మొక్క కంతిలోంచి ఆహారం గుంజుకునే ద్వారంలోంచే లోపలికి పోయి వాటిని చంపుతుంది. ఆ ద్వారం కట్టేది రోగాన్ని మోసే ప్లాస్మిడే! రేడియోబాక్టర్‌గా పిలిచిన ఈ కే84 జీనోమ్ 2009లో వెలువడితే, వంశంలో అది వెంట్రుకల వేళ్ల రోగకారి రైజోజెనిస్‌కు దగ్గరని స్పష్టమైంది. అగ్రోసిన్ ప్లాస్మిడ్ కూడా పొరుగు రోగకారికి చేరగలదు, చేరితే విషం దాన్నేమీ చెయ్యలేదు. అందుకే కెర్ బృందం ఆ బదిలీకి కావలసిన జన్యుభాగాన్ని కత్తిరించి, కే1026 అనే కొత్త రకాన్ని తోటలకు ఇచ్చింది.